బస్తాకి ముప్ఫై

సోమవారం పొద్దున క్లెర్వో వచ్చి పని అడిగేసరికి ఒరెలుస్ ఆ సిమెంటు బస్తాతో నలభై మూడో దిమ్మ తీస్తున్నాడు. ఇనుప అచ్చులో మాలు నింపి, పార వెనకవైపుతో నాలుగు దెబ్బలు వేసి, అచ్చుని నేలమీద బోర్లించి, ఊపిరి బిగబట్టి రెండు చేతులతో నిదానంగా పైకి లాగాలి. తొందరపడితే దిమ్మ కూలబడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని కాబట్టి అతని చేతులు వాటంతటవే తొందరపడవు. అచ్చుకి ఎడమ మూల ఒక సొట్ట ఉంది. ఎప్పుడో లారీ మీంచి జారిపడ్డప్పుడు పడిన సొట్ట అది. అందుకని ఒరెలుస్ చేసే ప్రతి దిమ్మకీ ఒక మూల వేలిగోరంత నొక్కు ఉంటుంది. గోడ పేర్చి పైన పూత పూశాక ఆ నొక్కు ఎవరికీ కనపడదు గనక అచ్చు బాగు చేయించాలని అతనెప్పుడూ అనుకోలేదు.

"ఏదైనా పనుంటే చేస్తానన్నా," అన్నాడు క్లెర్వో, టోపీ చేతిలో పట్టుకుని. "మేస్త్రీ పని కాదు. మాలు కలుపుతాను, నీళ్ళు మోస్తాను, ఏదైనా సరే."

ఆ ఊళ్ళో సగం గోడలు క్లెర్వో చేతి మీదుగా లేచినవే. దారం కట్టకుండా కంటిచూపుతో వరస పేర్చి, ఆ తరవాత దారం పట్టి చూపిస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. అలాంటివాడు నీళ్ళు మోస్తానంటుంటే వినడానికే బాగాలేదు. రోడ్డుకి అవతల పంపు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. వాళ్ళలో ఒకావిడ తన బకెట్‌ని కాలితో పక్కకి జరిపి గట్టిగా అరిచింది.

"జెసులా! సిమెంటు బస్తాలు లోపల పెట్టుకోవే తల్లీ! సంచితో సహా తినేస్తాడు!"

మిగతా ఆడవాళ్ళు నవ్వారు. క్లెర్వో వినపడనట్టే నిలబడ్డాడు. వినపడనట్టు ఉండడం ఏడాదిగా అతనికి బాగా అలవాటైన పని.

కిందటి ఆగస్టులో ఒక శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి గుడూగుడూ వచ్చింది. నేల కింద నుంచి వచ్చే చప్పుడే భూకంపానికి పేరైపోయింది హైతీలో. ఆ పొద్దున ఊళ్ళో చాలా ఇళ్ళు పగుళ్ళిచ్చాయి, కొన్ని ఒరిగాయి. విల్నా ఇల్లు మాత్రం కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చినట్టు కిందికి దిగిపోయింది. లోపల జడ వేసుకుంటున్న ఆమె ఎనిమిదేళ్ళ కూతురు నైకా బయటికి రాలేదు. ఆ ఇల్లు కట్టింది క్లెర్వో. గోడకి వెయ్యాల్సిన సిమెంటు మేస్త్రీ తినేశాడని ఎవరో అన్నారు, అందరూ తలూపారు. అతన్ని ఎవరూ కొట్టలేదు, పోలీసులకి పట్టించలేదు. ఆ రోజు నుంచి గడప మెట్టు విరిగినా సరే అతన్ని పిలవడం మానేశారంతే.

క్లెర్వో మొహంలోకి చూడడం ఒరెలుస్‌కి కష్టంగా ఉంది. "చూద్దాంలే, పని తక్కువగా ఉంది..." అని నసుగుతుంటే వెనకనుంచి అతని పెళ్ళాం జెసులా చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"రేపు ఆరింటికల్లా వచ్చెయ్ క్లెర్వో. కూలీ తక్కువే, తిండి మాత్రం మాది," అంది. తరవాత పంపు వైపు తిరిగి, "బస్తాలు నావి, ఎవరు తింటారో నేను చూసుకుంటాలే! మీ బకెట్లు నిండి పొర్లుతున్నాయి, అవి చూసుకోండి!" అని అరిచింది.

అతను వెళ్ళాక మొగుడి వైపు తిరిగి, "నీ నోరేం పడిపోయింది?" అంది. ఒరెలుస్ మళ్ళీ అచ్చు అందుకున్నాడు. నోరెందుకు పడిపోయిందో ఆవిడకీ తెలుసు. విల్నా ఇంటికి పంపిన దిమ్మలు బస్తాకి డెబ్బై చొప్పున తీసినవి. ఆ యేడు రాజధాని రోడ్డు తుపాకుల వాళ్ళ చేతుల్లో ఉండి ఆరు వారాలు సిమెంటు లారీ రాలేదు. ఉన్న నాలుగు బస్తాలనే సాగదీసి, ఇసక ఎక్కువ పోసి, అడిగినన్ని దిమ్మలూ అడిగిన రోజుకి ఇచ్చేశాడు. సరిగ్గా చెయ్యాలంటే బస్తాకి ముప్ఫై రావాలి. ఆ సంగతి వాళ్ళిద్దరూ ఏడాదిగా ఒకరితో ఒకరు కూడా ఎత్తలేదు.

ఆ మధ్యాహ్నమే మదాం అన్సెల్మ్ నల్ల గొడుగు వేసుకుని వచ్చింది. ఆవిడ ఆ ఊరి బడికి ముప్ఫై ఎనిమిదేళ్ళు పెద్ద పంతులమ్మ. రిటైరయ్యాక కూడా బడి కమిటీకి పెద్ద ఆవిడే. ఊళ్ళో యాభై దాటినవాళ్ళని కూడా పేరు పెట్టి కసిరేది. ఆవిడ ఉండేది ముత్తాత కట్టించిన చెక్క ఇల్లు. దుంగల చట్రం మధ్య మట్టీ రాళ్ళూ కూరి కట్టిన ఆ ఇంటికి గుడూగుడూలో రెండు రేకులు మాత్రం జారాయి.

"ఏం ఒరెలుస్, హైతీ గడ్డ ఎప్పుడెప్పుడు కదిలిందో చెప్పు," అంది, వచ్చీ రాగానే.

అరవయ్యో పడిలో పడుతున్న ఒరెలుస్ పార పక్కన పెట్టి చేతులు కట్టుకున్నాడు. "పదిహేడు వందల యాభై ఒకటి. పదిహేడు వందల డెబ్బై. పద్దెనిమిది వందల... నలభై..."

"నలభై రెండు. బళ్ళో ఉన్నప్పుడు కూడా ఇక్కడే నత్తి. తరవాత?"

"రెండు వేల పది. రెండు వేల ఇరవై ఒకటి."

"పదిహేడు వందల డెబ్బైలో ఇళ్ళు పడ్డాక రాతి గోడలు కట్టొద్దు, చెక్కతో కట్టుకోండని రాజధానిలో దండోరా వేయించారు. మా తాతలకి ఆ భయం కొన్నాళ్ళుంది. తరవాత మర్చిపోయాం. నేల కదులుతుందన్న సంగతి మనకెప్పుడూ గుర్తుంటుందోయ్. ఎందుకు కూలిందో అదొక్కటే మర్చిపోతాం." ఆవిడ గొడుగు మూసి దిమ్మల వరసల వైపు చూపించింది. "బడికి మూడు గదులు లేపుతున్నాం. రెండు వేల నాలుగు వందల దిమ్మలు కావాలి. నీ దగ్గరే తీసుకుందామని కమిటీ అంది. అయితే ఊరికే కాదు. శనివారం పొద్దున అందరం వస్తాం. అందరి ఎదుటా అయిదు దిమ్మలు నా తల ఎత్తు నుంచి గట్టి నేల మీద పడేస్తాం. ఒకటి పగిలితే సరే, రెండు పగిలితే కాయ్ పట్నం నుంచి తెప్పించుకుంటాం."

"మీ తల ఎత్తంటే మాకు మంచిదేలెండి," అంది జెసులా. ఆవిడ నిజంగానే పొట్టిది.

"చెయ్యెత్తి పడేస్తాను, సంబరపడకు," అంది మదాం అన్సెల్మ్, నవ్వకుండా.

"మరి మేస్త్రీ ఎవరండీ?" ఒరెలుస్ అడిగాడు.

ఆవిడ గొడుగు రెండో చేతికి మార్చుకుంది. "కాయ్ నుంచే పిలుస్తున్నాం. క్లెర్వో చేతిని మించిన చెయ్యి లేదని నాకూ తెలుసు. బళ్ళో పిల్లలకి వండిపెట్టేది విల్నా, కమిటీలో ఉంది. ఆమె ఎదుట అతని పేరెత్తమంటావా నన్ను?"

ఒరెలుస్ పార అందుకున్నాడు. ఆవిడ గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

ఆ ఆర్డరు చేతికొస్తే దిమ్మల యార్డు మరో రెండేళ్ళు నడుస్తుంది, పోతే ఈ వానలకే మూసుకోవాలి. జెసులాకి ఆలోచన తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక మంచి బస్తా కోసి పాతిక దిమ్మలు మాత్రం తీసి, తడి గోనెలు కప్పి, శనివారం నాటికి గేటు పక్కన ముందు వరసలో పేర్చితే చాలు. "ముసలావిడ, ముందు వరసలోంచే తీస్తుంది. వెనక్కి ఎక్కడ దూరుతుంది? మిగతావి కూడా ఇకనుంచి కాస్త బాగానే చేద్దాంలే. నలభై తీద్దాం." ఒరెలుస్ లోపలికెళ్ళి మంచి బస్తా భుజాన వేసుకుని వచ్చాడు.

మంగళవారం ఆరింటికి ముందే క్లెర్వో వచ్చేశాడు. ఏటి ఇసక జల్లెడ పట్టి, బొగ్గు ముక్కలూ ఆకులూ ఏరేశాడు. సిమెంటూ ఇసకా పొడిగా ఉండగానే మూడుసార్లు తిరగేసి, మధ్యలో గుంట చేసి నీళ్ళు పోశాడు. పిడికిట్లో మాలు నొక్కి, విప్పి చూసుకున్నాడు. ముద్ద విడకుండా నిలిచింది. చెయ్యి తడవలేదు. అది చూసి తల పంకించి పార అందుకున్నాడు. ఏడాది తరవాత చేతికి పనొచ్చిన సంతోషాన్ని ఎంత దాచుకుందామన్నా ఆ భుజాల్లో తెలిసిపోతోంది. అది చూస్తుంటే ఒరెలుస్‌కి బాధేసింది.

పాతిక దిమ్మలయ్యాక బస్తా ఖాళీ అయింది. క్లెర్వో వాటిని చూశాడు, వెనక వరసల్లో బూడిద రంగులో వెలిసిపోయినట్టున్న పాత దిమ్మల్ని చూశాడు.

"ఇవి బడికా అన్నా?"

"కాదు," అన్నాడు ఒరెలుస్. ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలీదు. "మేడంగారు పడేసి చూడ్డానికి."

క్లెర్వో గోనె సంచులు తడిపి తెచ్చి పాతిక దిమ్మల మీదా జాగ్రత్తగా కప్పాడు, అంచులు గాలికి లేవకుండా రాళ్ళు పెట్టాడు. తరవాత రెండు గంటలకోసారి ఎవరూ చెప్పకుండానే వెళ్ళి నీళ్ళు చిలకరించి వచ్చాడు.

మధ్యాహ్నం ముగ్గురూ మామిడి చెట్టు నీడలో కూర్చుని మొక్కజొన్న సంకటి, చిక్కుడు గింజల పులుసుతో తింటున్నారు. జెసులా అవకాడో కోసి క్లెర్వో పళ్ళెంలో పెద్ద ముక్క వేసింది. అప్పుడు విల్నా నెత్తిన పెద్ద గిన్నెతో రోడ్డు మీంచి లోపలికి వచ్చింది. క్లెర్వో పళ్ళెం పట్టుకుని లేవబోయాడు.

"కూర్చోమను బాబాయ్," అంది విల్నా ఒరెలుస్‌తో. క్లెర్వో వైపు చూడనుకూడా లేదు. "తింటున్నవాణ్ణి లేపే దరిద్రం నాకెందుకు? తినడమంటే వీడికెంత ఇష్టమో ఊరందరికీ తెలిసిందేగా."

"విల్నా..." అంది జెసులా.

"నీకు పెద్ద మనసు పిన్నీ. నాకు లేదు, నేనేం చెయ్యను?" గిన్నె కిందికి దించి చెమట తుడుచుకుంది. ముప్ఫై అయిదు దాటని మనిషి, ఈ ఏడాదిలో పదేళ్ళు మీదపడ్డట్టుంది. "నేనొచ్చింది వేరే పని మీద. ఎన్నాళ్ళని టార్పాలిన్ పట్టా కింద ఉంటాం? తుఫాన్ల రోజులొచ్చేశాయి, మా అమ్మకి దగ్గు. పడిపోయిన దాంట్లోంచి విరగని దిమ్మలన్నీ ఏరి పేర్చాను. రెండు వందల పన్నెండు ఉన్నాయి. వచ్చేవారం నుంచి ఒక గది లేపుతా. ఇంకో నలభై తక్కువ పడతాయి, నీ దగ్గర తీసుకుంటా."

ఒరెలుస్ నోట్లో సంకటి ముద్ద అలాగే ఉండిపోయింది. "పాతవాటితో కడతావా?" అన్నాడు ఎలాగో మింగి.

"ఏం, వాటికేమైంది? సిమెంటు తిన్నది మేస్త్రీ. దిమ్మలేం పాపం చేశాయి? నీ సరుకు బాగానే ఉంది బాబాయ్, నేనెప్పుడూ నిన్ను ఒక్క మాట అన్లేదు." గిన్నె మళ్ళీ నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

క్లెర్వో పళ్ళెంలో మిగిలిన సంకటి నిదానంగా తిన్నాడు. అవకాడో ముక్క తినలేదు, పళ్ళెం అంచున పెట్టేశాడు. ఒరెలుస్ వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అడగడం కూడా లేదు. ఒరెలుస్ లేచి చేతులు కడుక్కునే నెపంతో డ్రమ్ము దగ్గరికి పోయి, అక్కడే చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

గురువారం విల్నా ఇంటికి వెళ్ళాడు. బ్రహ్మజెముడు కంచె పక్కన ఇల్లున్న చోట గచ్చు మాత్రం మిగిలింది, దాన్ని శుభ్రంగా ఊడ్చి ఉంచారు. గచ్చు మీద నీలం పట్టా గుడారం, దాని ముందు స్టూలు మీద విల్నా తల్లి. పక్కనే దిమ్మల వరస. విల్నా ఎంత పొందిగ్గా పేర్చిందంటే దూరం నుంచి చూస్తే గోడ మొదలుపెట్టేసిందేమో అనిపిస్తుంది. పాత పూత గీకి, మట్టి కడిగి, ఒక్కోదాన్నీ ఆరబెట్టింది. నెలల తరబడి చేసిన పని అది.

ఒరెలుస్ ఒక దిమ్మ చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ మూల వేలిగోరంత నొక్కు. ఇంకోటి తీశాడు, నొక్కు. బొటనవేలితో అంచుని కాస్త గట్టిగా ఒత్తితే గోధుమరొట్టె అంచులా రాలింది. అరిచేతిలోకి ఇసక వచ్చింది. ఇసకే, ఇంకేమీ లేదు.

"ఏంటి బాబాయ్ అలా చూస్తున్నావు?" విల్నా పొయ్యి దగ్గర నుంచి వచ్చింది.

"వీటితో కట్టకమ్మా."

"మరి దేనితో కట్టను?"

"ఒకసారి పడ్డవి కదా. లోపల దెబ్బ తిని ఉంటాయి."

విల్నా నడుం మీద చేతులు పెట్టుకుంది. "అంటే రెండు వందల యాభై నీ దగ్గర కొత్తవి కొనమంటావు. అమ్ముకోడానికి ఇంత దూరం ఎండలో పడి వచ్చావా?" ఆమె గొంతులో ఎగతాళి ఉంది గానీ కోపం లేదు. "పో బాబాయ్. నా దగ్గర డబ్బుంటే నీ చేత చెప్పించుకునేదాన్నా?"

గుడారం తాడుకి ఒక చిన్న గులాబీ రిబ్బను కట్టి ఉంది. ఒరెలుస్ చూపు దానిమీద పడింది. కంచె దాటి రోడ్డెక్కేదాకా పిడికిట్లో ఇసక పట్టుకునే ఉన్నాడు. పడెయ్యాలని కూడా తోచలేదు.

శుక్రవారం సాయంత్రం జెసులా గుమ్మంలో కూర్చుని చిక్కుడు గింజలు వొలుస్తుంటే అతనెదురుగా చతికిలబడ్డాడు.

"విల్నాకి చెప్పెయ్యాలి," అన్నాడు.

జెసులా చేతులు ఆగలేదు. "చెప్తే పిల్ల లేచొస్తుందా?"

"రాదు. గది కట్టుకుంటోంది. ముసల్దాన్ని పెట్టుకుని ఆ గదిలో పడుకుంటుంది."

గింజలు చేటలో టపటపా పడుతున్నాయి. కాసేపటికి జెసులా గొంతు తగ్గించి అంది: "నేనూ అదే ఆలోచిస్తున్నా, నాకేం గుండె లేదనుకున్నావా? ఒక పని చేద్దాం. రేపు ముందు వరసలోంచి తియ్యనీ. ఆర్డరు రానీ. ఆ తరవాత విల్నాకి మంచి దిమ్మలు ఊరికే ఇద్దాం. మొక్కు ఉందని చెబుదాం. ఎవరి పరువూ పోదు, దాని గదీ నిలబడుతుంది. ఏమంటావు?"

ఆ మాట ఎంత హాయిగా ఉందో! ఒరెలుస్‌కి వారం రోజుల్లో మొదటిసారి ఊపిరాడింది. అలాగే చేద్దాం అందామని నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడు క్లెర్వో ఖాళీ బకెట్ పట్టుకుని వరసల మధ్య నుంచి వచ్చాడు.

"ఆఖరిసారి తడిపేశానన్నా. రేపటికి బాగా గట్టిపడతాయి. ఏం భయపడకు, ఒక్కటి కూడా పగలదు," అన్నాడు. బకెట్ బోర్లించి పెట్టి, టోపీ పెట్టుకుని, పంపు దగ్గర ఆడవాళ్ళు లేని సమయం చూసుకుని రోడ్డు దాటాడు.

జెసులా చేతిలో చిక్కుడుకాయ వొలవకుండానే ఉండిపోయింది. ఇద్దరూ అతను వెళ్ళిన వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ తరవాత మొక్కు సంగతి వాళ్ళు మళ్ళీ ఎత్తలేదు.

శనివారం ఎనిమిది గంటలకి కమిటీ వచ్చింది. మదాం అన్సెల్మ్, విల్నా, ఇంకో నలుగురు. పడేసి చూస్తారన్న కబురు విని పంపు దగ్గర ఆడవాళ్ళు, మోటారుసైకిలు కుర్రాళ్ళు, వీధిలో వాళ్ళంతా గేటు దగ్గర మూగారు. క్లెర్వో ఇసక కుప్ప వెనక పార పట్టుకుని నిలబడ్డాడు.

జెసులా అనుకున్నట్టే మదాం అన్సెల్మ్ ముందు వరస దగ్గరే ఆగింది. ఒక కుర్రాడి సాయంతో దిమ్మని తలపైకి లేపి వదిలింది. నేల దద్దరిల్లింది, దిమ్మ ఒక దొర్లు దొర్లి అలాగే పడుంది. రెండోది, మూడోది. నాలుగోదాన్ని ఒక కుర్రాడు సరదాకి ఎగరేసి మరీ పడేశాడు, దానికీ ఏమీ కాలేదు. అయిదోది పడి నిలవగానే చప్పట్లు కొట్టారు. "నత్తోడు పాసయ్యాడు," అంది మదాం అన్సెల్మ్, అందరూ నవ్వారు.

"ఇంకా అవలేదండీ," అన్నాడు ఒరెలుస్.

అతను వెనక వరసలోకి వెళ్ళి ఒక దిమ్మ తెచ్చాడు. అందరి మధ్యా నిలబడి తలపై నుంచి వదిలాడు. అది మూడు ముక్కలైంది. ఇంకోటి తెచ్చాడు, అదీ పగిలింది. నవ్వులు ఆగిపోయాయి.

"మీరు పడేసినవి మీకోసం చేసినవి. నేను అమ్మేవి ఇవి," అన్నాడు. చేతులు ఎప్పట్లా నిదానంగా ఉన్నాయి. బల్ల కింద నుంచి గుడ్డలో చుట్టి పెట్టినదాన్ని తీశాడు. "ఇది విల్నా ఇంటిది. తెల్లారి వెళ్ళి వాళ్ళ కంచె బయట పడున్నది తెచ్చాను. ఈ మూల నొక్కు చూడండి. నా అచ్చుకున్న సొట్ట అది. ఎవరింట్లో గోడ గీకి చూసినా ఉంటుంది." వదిలేశాడు. అది పగల్లేదు, చప్పుడు కూడా సరిగా చెయ్యలేదు. పిండి సంచి జారిపడ్డట్టు నేల మీద కుప్పగా పరుచుకుంది.

"బస్తాకి డెబ్బై తీశాను," అన్నాడు విల్నా వైపు తిరిగి. "క్లెర్వో ఏమీ తినలేదమ్మా. తిన్నది నేను."

పంపు దగ్గర అరిచిన ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జెసులా వచ్చి మొగుడి పక్కన నిలబడింది. "ఇద్దరం తీశాం," అంది. విల్నా ఆ ఇసక కుప్పనే చూస్తోంది. మొహంలో ఏమీ లేదు.

అప్పుడు ఇసక కుప్ప వెనక నుంచి క్లెర్వో ముందుకొచ్చాడు. ఏడాదిగా పోయిన పేరు ఆ క్షణంలో ఊరికే అతని చేతికి తిరిగొచ్చింది. తల దించుకుని తీసుకుంటే సరిపోయేది. ఎవరూ ఇంకేం అడిగేవాళ్ళు కాదు.

"నాకు తెలుసు విల్నా," అన్నాడు. "కడుతున్నప్పుడే తెలుసు. నాలుగో వరసలో ఒక దిమ్మ చేతిలోనే విరిగింది. మాలు పెట్టి అతికించి పేర్చేశాను. నీకు చెప్పలేదు, అన్నని అడగలేదు. చెబితే పని ఆగిపోతుంది, నాకా పని కావాలి. సిమెంటు నేను తినలేదు, చువ్వలు సరిగ్గానే వేశాను. కానీ తెలిసి పేర్చాను. అందుకే ఎవరేమన్నా పడ్డాను."

మదాం అన్సెల్మ్ గొడుగు మీద బరువు ఆన్చి నిలబడింది. ఆవిడ నోరు తెరిచేలోగా విల్నా వెనక్కి తిరిగి, జనాన్ని తోసుకుంటూ రోడ్డెక్కేసింది. కాసేపాగి ఒరెలుస్, క్లెర్వో ఆమె వెనకాలే వెళ్ళారు. ఎందుకు వెళ్తున్నారో ఇద్దరికీ తెలీదు.

బ్రహ్మజెముడు కంచె దగ్గర ఆగిపోయారు. విల్నా పొందిగ్గా పేర్చుకున్న వరస ముందు నిలబడి ఉంది. పైనున్న దిమ్మని తలపైకెత్తి గచ్చు మీద పడేసింది. అది పగిలింది. రెండోదాన్ని ఎత్తింది. గుడారంలోంచి తల్లి బయటికొచ్చి, "పిచ్చి పట్టిందా నీకు? నెలలు పడి కడుక్కున్నావు కదే!" అని నెత్తీ నోరూ కొట్టుకుంది. విల్నా వినలేదు. ఎత్తడం, పడేయడం. పదీ, ఇరవై, ముప్ఫై. ప్రతి దిమ్మా ముక్కలే అవుతోంది, కొన్ని ముక్కలు కూడా కావడంలేదు. ఏడుపు కూడా లేదు ఆమెకి, ఊపిరి చప్పుడొక్కటే వినపడుతోంది. ముప్ఫై అయిదోదో ముప్ఫై ఆరోదో ఎత్తబోతే దిమ్మ భుజం దాకా లేచి ఆగిపోయింది.

"కోడిపందెం చూస్తున్నారా అక్కడ నిలబడి?" అంది, వెనక్కి తిరక్కుండానే. "వచ్చి ఎత్తండి."

వాళ్ళు కంచె దాటి లోపలికి వెళ్ళారు. క్లెర్వో వరసలోంచి తీసి అందించాడు, ఒరెలుస్ ఎత్తి పడేశాడు. విల్నా పక్కన నిలబడి ఒక్కోదాన్నీ చూసింది, ఒక్కటి కూడా చూడకుండా వదల్లేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి వరస అడుగుకి చేరింది. అడుగు వరసలో ఒకటి పడి, దొర్లి, అలాగే ఆగింది. విల్నా మళ్ళీ పడెయ్యమంది. మూడుసార్లు పడేసినా పగల్లేదు. ఏ బస్తా మొదట్లోదో, ఆ ఒక్కదాంట్లో సిమెంటు పడ్డట్టుంది. దాన్ని ఆమె పక్కన పెట్టించింది. తరవాతవన్నీ మళ్ళీ పగిలాయి.

రెండు వందల పన్నెండూ అయిపోయాక ముగ్గురూ దుమ్ములో నిలబడ్డారు. విల్నా మిగిలిన ఆ ఒక్క దిమ్మనీ గచ్చు మీదికి, ఒకప్పుడు లోపలి గది ఉన్న చోటికి జరుపుకుని దానిమీద కూర్చుంది.

"బడికి బస్తాకెన్ని తీస్తావు?" అంది.

"ముప్ఫై," అన్నాడు ఒరెలుస్.

"పేర్చేదెవరు?"

ఒరెలుస్ క్లెర్వో వైపు చూశాడు. క్లెర్వో నేలని చూస్తున్నాడు.

"నిన్నే అడిగేది, మేస్త్రీ," అంది విల్నా. ఏడాది తరవాత అతని మొహంలోకి చూడడం అదే మొదలు. "చేతిలో విరిగితే ఈసారి ఎవరికి చెప్తావు?"

"నీకే," అన్నాడు క్లెర్వో.

"ప్రతి శనివారం వస్తాను. ఎనిమిదిన్నరకి. ముందు వరసలోంచి తియ్యను." చేతులకంటిన దుమ్ము గౌనుకి తుడుచుకుంది. "ఇప్పుడు వెళ్ళండి. మా అమ్మకి అన్నం పెట్టాలి."

ఆమె లేవలేదు. వాళ్ళు కంచె దాటి రోడ్డెక్కి వెనక్కి చూసినప్పుడు కూడా ఆ దిమ్మ మీదే కూర్చుని ఉంది.